కేజీఎఫ్ కింద ఇంకా బంగారం ఉందా? ఉంటే ఎందుకు మూసేశారు?

మీ తాతగారు కుప్పం వైపు నుంచి వెళ్లి కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) బంగారు గనుల్లో పనిచేశారని రాశారు. "కింద ఇంకా బోలెడు బంగారం ఉంది, కావాలనే మూసేశారు" అని ఆయన చివరిదాకా అనేవారట. అది నిజమేనా, అసలు బంగారం అక్కడే ఎందుకు పుట్టింది, ఇప్పుడు ధర ఇంత పెరిగింది కాబట్టి మళ్లీ తెరవరా అని అడిగారు. మీ పొలంలో దొరికే తెల్ల పలుగురాళ్ల సంగతి కూడా అడిగారు. నేను గని జియాలజిస్టుగా చాలా ఏళ్లు చేశాను, అందులో కొంతకాలం కోలార్ బెల్టులోనే. తెలిసినంత వరకు చెప్తాను, కాస్త పొడవవుతుంది.

ముందు సూటిగా: కింద బంగారం ఉందన్న మీ తాతగారి మాట నిజమే. కానీ మిగిలినది చాలా లోతులో ఉంది, పలచగా ఉంది. దాన్ని పైకి తేవడానికి అయ్యే ఖర్చు ఆ బంగారం విలువను దాటిపోయింది. "కావాలనే మూసేశారు" అన్న భాగంతో మాత్రం నేను ఏకీభవించను. ఆ గని రోజులు దగ్గరపడుతున్నాయని మూతపడటానికి దశాబ్దాల ముందే మ్యాపుల్లో కనిపిస్తూ వచ్చింది.

ఎందుకో చెప్పాలంటే రాయి దగ్గర మొదలుపెట్టాలి.

కోలార్ షిస్ట్ బెల్ట్ (షిస్ట్ అంటే పొరలుగా చీలే రాయి) అనేది ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిన సన్నటి పట్టీ. పొడవు సుమారు 80 కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల ఐదారు కిలోమీటర్లకు మించదు. రెండు వైపులా గ్రానైటు, నైస్ (చారలున్న గ్రానైటు లాంటి) రాళ్లు. మధ్యలో ఇరుక్కుపోయినట్టు నల్లటి, బరువైన రాయి. ఆ నల్లరాయి ఒకప్పుడు లావా. దాదాపు 270 కోట్ల ఏళ్ల కిందట నీళ్ల అడుగున పొంగి గడ్డకట్టింది. తర్వాత భూమి లోపలికి కూరుకుపోయి, వేడికీ ఒత్తిడికీ రూపం మారి, ఇప్పుడు మనం ఆంఫిబోలైట్ అనే రాయి అయింది. గనిలో పాతవాళ్లు హార్న్‌బ్లెండ్ షిస్ట్ అనే అనేవారు.

బంగారం ఆ లావాతో పాటు రాలేదు, చాలా తర్వాత వచ్చింది. ఈ పట్టీని అటూ ఇటూ నొక్కి, మడిచి, చీల్చిన కాలంలో లోతుల్లోంచి వేడి నీళ్లు ఆ చీలికల వెంట పైకి ఎగబాకాయి. ఆ నీళ్లలో సిలికా, కార్బన్ డయాక్సైడ్, గంధకం కరిగి ఉంటాయి. గంధకం తోడు దొరికితే బంగారం కూడా నీళ్లలో కరుగుతుంది, అతి కొద్దిగా. ఇక్కడే నల్లరాయి పని మొదలవుతుంది. అందులో ఇనుము ఎక్కువ. నీళ్లలోని గంధకాన్ని ఆ ఇనుము పట్టేసి పైరైట్ లాంటి ఖనిజాలుగా మార్చుకుంటుంది. తోడు పోయిన బంగారం ఇక కరిగి ఉండలేక రాలిపోతుంది. దానికి తోడు చీలిక తెరుచుకున్న ప్రతిసారీ లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, అప్పుడు సిలికా కూడా గడ్డకట్టి పలుగురాయి అవుతుంది. చీలిక మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది, మళ్లీ నీళ్లు వస్తాయి. ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. పక్కనున్న గ్రానైటులో ఇనుము తక్కువ కాబట్టి అదే నీళ్లు దానిలోంచి పోయినా ఇంత బంగారాన్ని వదలవు.

అలా పుట్టినవాటిలో అన్నిటికన్నా గొప్పది ఛాంపియన్ లోడ్. కేజీఎఫ్ గనుల మీదుగా సుమారు 8 కిలోమీటర్లు సాగిన పలుగురాతి పొర అది. పడమర వైపు వాలుగా దిగుతుంది, లోతుకు పోయేకొద్దీ నిటారు అవుతుంది. మందం చాలాచోట్ల ఒక మీటరు అటూ ఇటూ. ఆలోచించండి, ఎనిమిది కిలోమీటర్ల పొడవు, మూడు కిలోమీటర్ల లోతు, మనిషి నడుమెత్తు మందం. ఒక పలక లాంటిది. నూట ఇరవై ఏళ్ల పాటు వేలమంది ఆ పలక వెంటే దిగుతూ పోయారు.

దగ్గరి నుంచి చూస్తే అది ఎలా ఉంటుందో చెప్తాను. బ్లాస్టింగ్ అయ్యాక పొగ పోయేదాకా ఆగి, ఫేస్‌ను, అంటే తవ్వుతున్న రాతి ముఖాన్ని, నీళ్లతో కడుగుతాం. మసి, దుమ్ము జారిపోయాక టోపీ దీపం వెలుగులో పలుగురాయి బయటపడుతుంది. పాలలా తెల్లగా ఉండదు, బూడిద కలిసిన నీలం రంగు. అందులో పుస్తకం అంచులో కాగితాల్లా సన్నటి నల్ల చారలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒక్కో చార చీలిక ఒక్కోసారి తెరుచుకున్నదానికి గుర్తు. లెన్సు పెట్టి వెతికినా చాలాసార్లు బంగారం కంటికి ఆనదు. సుత్తీ ఉలీతో రాయికి అడ్డంగా గాడి కొట్టి, రాలిన పెచ్చుల్ని సంచిలో వేసి, నంబరు రాసి పరీక్షకు పంపేవాళ్లం. ఒకచోట టన్నుకు 22 గ్రాములు అని ఫలితం వస్తుంది. అక్కడి నుంచి ఐదడుగులు జరిగి అదే రంగు, అదే చారలున్న రాయి కొడితే ఒక గ్రాము. కొత్తగా చేరిన రోజుల్లో శాంపిళ్లు తారుమారయ్యాయేమోనని నేను మళ్లీ వెళ్లి కొట్టుకొచ్చిన సందర్భాలున్నాయి. తారుమారు కాలేదు, రాయి గుణమే అది. బంగారం పలకంతా సమంగా పరుచుకోదు, కొన్ని పట్టీల్లో గుమిగూడుతుంది. వాటిని షూట్లు అంటాం. కోలార్‌లో ఈ షూట్లు ఉత్తరం వైపు ఏటవాలుగా దిగుతాయి. మధ్యలోని పలుగురాయిలో చాలావరకు ఏమీ ఉండదు.

ఇప్పుడు మీ తాతగారి మాటకు అసలైన జవాబు. గనిలో 'ఓర్' అన్న మాట ఒక లెక్క. తీసి, పైకి తెచ్చి, పిండి చేసి, బంగారం వేరు చేశాక మిగిలేది ఖర్చు కన్నా ఎక్కువైతేనే అది ఓర్. లేకపోతే అందులో బంగారం ఉన్నా మాకది ఉత్త రాయే.

ఒక టన్ను పలుగురాయి అంటే ఎటు కొలిచినా సుమారు రెండడుగుల నాలుగంగుళాలుండే బండ. తొలి రోజుల్లో ఇక్కడ టన్నుకు 40 గ్రాములు దాటిన ఓర్ దొరికింది. ఆ బండలోని బంగారమంతా కరిగించి ముద్ద చేస్తే ఒక గోళీకాయంత అవుతుంది. 1990ల నాటికి అది 3 గ్రాముల దరిదాపులకు పడిపోయింది. అంటే కందిగింజ కన్నా కాస్త పెద్దది. కిలో బంగారం కోసం మొదట్లో 25 టన్నులు తవ్వితే సరిపోయేది, చివర్లో 330 టన్నులు తవ్వాలి. అది కూడా కిలోమీటర్ల లోతు నుంచి.

లోతు అన్నది మామూలు విషయం కాదు. ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్లు దిగింది. ఆ లోతులో ప్రతి చదరపు మీటరు మీద పైనున్న రాయి బరువు దాదాపు 9 వేల టన్నులు. తాజాగా బయటపడిన రాయి మీద చెయ్యి పెడితే కాలుతుంది, అక్కడ రాయి వేడి 65 డిగ్రీలకు అటూ ఇటూ ఉండేది. చల్లబరిచిన గాలిని పైనుంచి పంపకపోతే మనిషి నిలబడలేడు. కింది లెవెళ్లకు (అంతస్తులకు) ఒకే కేజ్‌లో (మనుషుల్ని దించే లిఫ్టులో) పోలేం, మధ్యలో దిగి, నడిచి, ఇంకో షాఫ్టులో (నిలువు బావిలో) ఇంకో కేజ్ ఎక్కాలి. షిఫ్టులో గంటలు ప్రయాణానికే పోతాయి. నీళ్లు తోడాలి, గాలి పంపాలి, తవ్విన ఖాళీ కూలకుండా గ్రానైటు దిమ్మెలతో గోడలు కట్టాలి. ఇవన్నీ ఆ కందిగింజంత బంగారం మీదే పడే ఖర్చులు.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది రాక్ బరస్ట్. మెత్తని రాయి అయితే ఒత్తిడికి మెల్లగా నలిగి సర్దుకుంటుంది. కోలార్ రాయి గట్టిది, పెళుసుది. వంగదు, ఒత్తిడిని లోపలే దాచుకుంటుంది. చుట్టూ తవ్వుతూ పోయేసరికి ఏదో ఒక క్షణంలో తుపాకీ గుండులా పేలుతుంది. పాత ఫాల్టులు (రాయి తెగి జరిగిన చోట్లు), అడ్డంగా దూసుకొచ్చిన డోలరైట్ డైకులు (గోడల్లాంటి నల్లరాతి పట్టీలు) ఉన్నచోట మరీ ఎక్కువ. ఒక మధ్యాహ్నం నేను పైన మ్యాపుల గదిలో కూర్చుని గని నిలువుకోత బొమ్మ గీస్తున్నాను. కాళ్ల కింద ఒక్క కుదుపు. బల్ల మీది పెన్సిల్ దొర్లి కింద పడింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అందరం కిటికీలోంచి షాఫ్టు వైపే చూస్తున్నాం, ఆ టైముకి కింద ఏ షిఫ్టు ఉందో అందరికీ తెలుసు. ఆ రోజు పేలింది పాత ఖాళీల దగ్గర, అక్కడ మనుషులు లేరు. కానీ కేజ్ పైకి వచ్చి మనుషుల్ని లెక్కపెట్టేదాకా ఉన్న ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మీ తాతగారి ఇంట్లో ఆడవాళ్లు అలాంటి కుదుపుల్ని ఎన్నిసార్లు భరించి ఉంటారో. ఈ సమస్య వల్లే 1988లో జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంస్థను కేజీఎఫ్‌లోనే పెట్టారు.

చరిత్ర కూడా క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఈ గని ముందే ఒకసారి మూతపడబోయి బతికింది. బ్రిటిష్ వాళ్లు కనిపెట్టారు అంటుంటారు, అది సరి కాదు. వాళ్లకు చాలా ముందే మనవాళ్లు ఇక్కడ రాయిని మంటతో కాల్చి, నీళ్లు పోసి పగలగొట్టి, లోతుగా తవ్వారు. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ సరిహద్దు సర్వేకి వచ్చినప్పుడు మారికుప్పం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మట్టి కడిగి బంగారు రేణువులు తీయడం కళ్లారా చూశాడు. ఆ రాతలు చదివి 1871లో మైఖేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు బెంగళూరు నుంచి ఎద్దుబండిలో అక్కడికి చేరాడు. మైసూరు ప్రభుత్వం దగ్గర 1875లో 20 ఏళ్ల లీజు తెచ్చుకున్నాడు కానీ డబ్బు చాలక రెండేళ్లకే వేరేవాళ్లకు ఇచ్చేశాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లండ్ గనుల కంపెనీ దిగింది. మొదటి కొన్నేళ్లు అందరికీ నష్టమే. వాటాదారులు ఇక చాలు మూసేద్దాం అంటున్న దశలో, కెప్టెన్ ప్లమ్మర్ అనే గని అధికారి మిగిలిన కొద్ది డబ్బుతో పాతకాలపు తవ్వకాల కిందికి దిగి చూశాడు. ఛాంపియన్ లోడ్ అక్కడ దొరికింది. అంటే పేరు తెలియని మన పూర్వీకులు సరైన చోటే తవ్వారు, నీళ్లను తోడలేక ఆగిపోయారు. ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఆ తర్వాతది వేగంగా సాగింది. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల లైను వేసి గనులకు కరెంటు తెచ్చారు. అంత దూరం కరెంటు పంపడం ఆ రోజుల్లో ప్రపంచానికే వింత. 1905లో ఒక్క ఏడాదిలో 19 టన్నులకు పైగా బంగారం తీశారు. ఆ శిఖరాన్ని మళ్లీ అందుకోలేదు. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనుల్ని తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి ఆఖరున పని ఆగింది. మొత్తం మీద 5 కోట్ల టన్నులకు పైగా ఓర్ నుంచి 800 టన్నులకు పైగా బంగారం వచ్చింది.

ఇంకొక్క మాట. ఈ గని సైన్సుకు కూడా చాలా ఇచ్చింది. పైన అంత మందం రాయి ఉంటే ఆకాశం నుంచి వచ్చే మిగతా కణాలు దాదాపు అన్నీ ఆగిపోతాయి, దేన్నీ దాదాపు తాకకుండా దాటిపోయే న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు మాత్రం దూసుకొస్తాయి. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండ్ వాళ్లతో కలిసి ఇక్కడ రెండు కిలోమీటర్లకు పైగా లోతులో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచంలో మొట్టమొదట పట్టుకున్నవాటిలో అదొకటి.

మళ్లీ తెరవచ్చా? ధర పెరిగితే నిన్నటి రాయి ఇవాళ ఓర్ అవుతుంది, ఈ మాటలో న్యాయముంది. కానీ పంపులు ఆగిన నాటి నుంచి గనుల్లోకి నీళ్లు చేరాయి. నీళ్లు నిండే క్రమంలో కూడా చిన్న చిన్న ప్రకంపనలు నమోదయ్యాయి. ఆ నీళ్లన్నీ తోడి, ఇరవై ఏళ్లకు పైగా తడిసిన షాఫ్టుల్ని బాగుచేసి, మూడు కిలోమీటర్ల కిందికి మళ్లీ మనుషుల్ని పంపడం జరగదనే నా అభిప్రాయం, జరగకూడదని కూడా. జరిగితే ముందు పైనున్న డంపుల మీద జరుగుతుంది. మీరు చూసే ఉంటారు, ఊరి పక్కన కొండల్లా నిలబడ్డ బూడిదరంగు సైనైడ్ దిబ్బలు. సైనైడ్ వాడి బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి అది, సుమారు 3.3 కోట్ల టన్నులు. టన్నుకు ఒక గ్రాము కూడా లేదు, కానీ ఇప్పటికే తవ్వి, పైకి తెచ్చి, పిండి చేసి ఉంది కాబట్టి ఖర్చులో పెద్ద భాగం మిగిలిపోతుంది. 13 డంపుల మీద పనికి 2024లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతి తెలిపింది. రెండో అవకాశం పడమర వైపున్న సల్ఫైడ్ లోడ్లు. ఛాంపియన్‌లో బంగారం చాలావరకు విడిగా ఉంటే, వీటిలో పైరైట్, ఆర్సెనోపైరైట్ లాంటి గంధక ఖనిజాలతో కలిసిపోయి ఉంటుంది. తీయడం కష్టమే, కానీ లోతు తక్కువలో చూడాల్సినది ఇంకా ఉంది. రాయచూరు జిల్లాలోని హట్టి గని ఇదే తరహా రాళ్లలో ఇప్పటికీ నడుస్తోంది. దాని లోతు కోలార్‌లో సగం కూడా లేదు.

డంపుల గురించి ఒక జాగ్రత్త. జనం సైనైడ్ అంటే భయపడతారు కానీ అది ఎండకూ గాలికీ కాలక్రమంలో విడిపోతుంది. నాకు ఎక్కువ బెంగ ఎండాకాలం గాలికి లేచే సన్నటి సిలికా దుమ్ము గురించి, సల్ఫైడ్ ఓర్ నుంచి వచ్చిన పిండిలోని ఆర్సెనిక్ గురించి. అక్కడ పిల్లల్ని ఆడుకోనివ్వద్దు. ఆ దుమ్మే మీ తాతగారి తరం ఊపిరితిత్తుల్ని తినేసింది. పొడిగా డ్రిల్లింగ్ చేసిన రోజుల్లో పీల్చిన సిలికా లోపలే ఉండిపోయి, ఇరవై ముప్పై ఏళ్లకు ఆయాసంగా బయటపడేది. వాళ్లలో చాలామంది టీబీ అనుకునే మందులు వాడారు. ఇంట్లో ఆ తరంవాళ్లు ఇంకా ఉండి దగ్గుతుంటే, గనిలో చేశారన్న విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పాత షాఫ్టుల్లోకి, సొరంగాల్లోకి దయచేసి ఎవరూ దిగకండి. వీడియోలు తీయడానికి కుర్రాళ్లు వెళ్తున్నారని వింటున్నాను. కొయ్య కుళ్లిన చోట, నీళ్లు నిలిచిన చోట గాలిలో ఆక్సిజన్ ఉండదు. వాసన రాదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. రెండడుగులు వేసి మనిషి కూలిపోతాడు, లాగడానికి వెళ్లినవాడు కూడా పక్కనే పడతాడు.

ఇక మీ పొలం. కోలార్ బెల్ట్ దక్షిణ భాగం చిత్తూరు జిల్లాలోకి వస్తుంది. చిగురుగుంట, బిసానత్తం పేర్లు మీరు వినే ఉంటారు, చిగురుగుంటలో గని కూడా నడిచి 2001లోనే ఆగింది. కాబట్టి మీ ప్రశ్న అర్థం లేనిది కాదు. అయితే పలుగురాయి రాయలసీమలో ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, నూటికి తొంభై తొమ్మిది చోట్ల అందులో ఏమీ ఉండదు. పాలలా తెల్లగా, చారలు లేకుండా, గ్రానైటులో ఉంటే ఆశ వద్దు. పక్కన నల్లటి బరువైన రాయి ఉండి, పలుగు బూడిదరంగులో చారలుగా ఉండి, తుప్పు మరకలు ఉంటే అప్పుడు చూడాలి. మెరిసే రేణువు కనిపిస్తే సూదితో గుచ్చండి. బంగారం మైనంలా సొట్టపడుతుంది. పైరైట్ పొడిగా చిట్లుతుంది. అభ్రకం పొరగా ఊడి వస్తుంది. ఇన్నేళ్లలో ఊళ్లవాళ్లు నా దగ్గరకు తెచ్చిన రాళ్లలో దాదాపు అన్నీ ఎండకు బంగారు రంగు తేలిన అభ్రకమే. ఒక రైతు గోనెసంచి నిండా మోసుకొచ్చాడు, చెప్పడానికి నోరు రాలేదు. ఒకవేళ నిజంగానే దొరికినా సొంతంగా తవ్వడానికి చట్టం ఒప్పుకోదు. జిల్లా గనుల శాఖ కార్యాలయంలో చెప్పండి.

మీ తాతగారు ఏ షాఫ్టులో దిగేవారో, ఏ లెవెల్ అనేవారో ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే రాయండి. పాత గుర్తింపు కార్డు ఉంటే దాని మీద గని పేరు ఉండొచ్చు. నందిదుర్గమా, ఛాంపియన్ రీఫా, మైసూరు గనా తెలిస్తే చాలు, ఆయన రోజూ చూసిన రాయి ఎలాంటిదో నేను చెప్పగలను.